వెండి రంగు కింద వేడి

బైండింగ్ వైరును చేత్తో తెంపి చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. కట్టర్ దగ్గర లేనప్పుడు తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతాం. కాసేపటికి తెగుతుంది. తెగిన కొసను వెంటనే ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. దాన్ని ఎవరూ పొయ్యి మీద పెట్టలేదు. మన చేతి బలమే లోపలికి పోయి వేడిగా బయటికి వచ్చింది. నేను ఉద్యోగంలో చేసిన పనంతా ఆ వేడిని కొలవడమే. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు పోయే పెద్ద రోడ్డుకు కాస్త లోపలగా, రేకుల షెడ్డులో నడిచే ఒక పరీక్షా ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కెమెరాల గురించి అడుగుతారు. కెమెరాల సంగతి ఇప్పుడు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని వాళ్లకు నేను ఒక దసరా సంగతి చెబుతాను. ఆదివారం పూట ప్రార్థన మందిరంలో ఉండాల్సినవాణ్ణి చేతిలో రంగు గీకే ఎమెరీ కాగితంతో ఇనుము ముందు మోకరించిన సంగతి అది.

ముందు పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇనుము ఎప్పుడూ మోయలేని బరువుకే విరుగుతుందని అనుకోవద్దు. మోయగలిగిన బరువునే మళ్లీ మళ్లీ లక్షలసార్లు మోయిస్తే లోపల అలసిపోయి, పైకి ఏమీ కనిపించకుండానే ఒకనాడు పగులుతుంది. ఎంత బరువు దాకా అలసిపోకుండా ఉంటుందో తెలుసుకోవడానికి పాత పద్ధతిలో ముక్క తర్వాత ముక్కను విరగ్గొట్టుకుంటూ పోవాలి. నెలలు పడుతుంది. మా పద్ధతి వేరు. మెషిన్‌లో బిగించి ఊపుతూ, బరువును మెట్లు మెట్లుగా పెంచుతాం. ప్రతి మెట్టు దగ్గర ఇనుము ఎంత వేడెక్కిందో థర్మల్ కెమెరాతో చూస్తాం. ఓర్చుకోగలిగినంతవరకు వేడి పెద్దగా పెరగదు. ఓర్పు దాటిన చోట గ్రాఫు గీత పైకి తిరుగుతుంది. మెషిన్‌ను ఉన్నట్టుండి ఆపి, ఆ వేడి ఎంత తొందరగా చల్లారుతోందో కూడా చూస్తాం. ఒక్కో ఊపుకు ఇనుము ఎంత శక్తిని వేడిగా వదిలేస్తోందో దాన్నిబట్టి లెక్క తేలుతుంది. మనిషికి జ్వరం చూసినట్టే అనుకోండి.

బైబిల్ వాక్యం చదువుకుంటూ పెరిగినవాణ్ణి నేను. పొద్దున లేవగానే ఒక అధ్యాయం చదివితే గానీ మా నాన్న చాయ్ గ్లాసు చేతికి ఇచ్చేవాడు కాదు. కొలిమిలో లోహాన్ని పరీక్షించే మాటలు సండే స్కూల్లో కంఠతా వచ్చాయి. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ప్రభువు నన్ను ఆ మాటల్లోకే తీసుకొచ్చి నిలబెట్టాడని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ల్యాబులో మేం ముగ్గురం ముఖ్యులం. ల్యాబు పెద్ద ఒక మేడంగారు. కోస్తా మనిషి, మాట మెత్తన, లెక్క గట్టి. మెషిన్ నడిపేవాడు మంఖాల్ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే మనిషి. వయసులో నాకంటే బాగా చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. కెమెరా, లెక్కలు నావి.

ఎయిర్‌పోర్టులో విమానాలకు భోజనం ఎక్కించే బండ్లను మీరు చూసే ఉంటారు. లారీ మీద ఒక పెద్ద పెట్టె. దాని కింద కత్తెరలా ముడుచుకుని తెరుచుకునే ఇనుప చేతులు. అవి తెరుచుకుంటే పెట్టె విమానం తలుపు ఎత్తుకు లేస్తుంది. పెట్టె ముందున్న పలక మీద ఇద్దరు నిలబడి ట్రాలీలను లోపలికి తోస్తారు. పొద్దుగూకులూ లేవడం, దిగడం. ఆ ఏడు ఒక బండి చేయి అతుకు దగ్గర పగిలి పెట్టె పక్కకు ఒరిగింది. పైన నిలబడ్డ మనిషి కిందపడి భుజం విరగ్గొట్టుకుని దవాఖానలో చేరాడు. అలాంటి చేతులున్న బండ్లన్నిటినీ ఆ భోజనాల కంపెనీ నిలిపేసింది. కొత్త చేతులు చేసే పని కందుకూరులో వర్క్‌షాప్ నడిపే ఒకాయనకు ఇచ్చింది. వాటిని మేం సరే అంటే దసరా వెళ్లిన సోమవారం పొద్దున బండ్లు మళ్లీ లేస్తాయి. కాదంటే లేవవు. పండగ రద్దీ, విమానాలు నిండుగా పోతున్న రోజులు.

వర్క్‌షాప్ యజమాని పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. చేసిన చేతుల్లో నమూనాకు ఒకదాన్ని ఆటో ట్రాలీలో వేసుకుని తానే తెచ్చాడు.

"జూడుండ్రి సార్, పాతదానికి రెండింతల దిట్టం. అది పగిలిన జాగల నేను అడ్డంగ మందపు ప్లేటేసి నిండుగ వెల్డింగ్ గొట్టిన. ఏనుగెక్కినా ఏం గాదు."

"ఏనుగులు ఎక్కవు గానీ మనుషులు ఎక్కుతారండీ," అన్నారు మేడం నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "ఆ ఎక్కే మనుషులల్ల ఒకడు నా అక్క కొడుకు మేడం. నా చేతులల్ల పెరిగిన పోరడు. వాని కాళ్ల కింద నేను కచ్చా పని పెడ్తనా?"

పెట్టడని ఆ గొంతు వింటేనే తెలిసింది. ఆ చేయి కూడా చూడ్డానికి ఎంత చక్కగా ఉందో! పైనుంచి కింది దాకా వెండి రంగు. ఆయన వర్క్‌షాప్‌లో గేట్లు, గ్రిల్లులు, నీళ్ల ట్యాంకు స్టాండ్లు, ఏదైనా సరే వెండి రంగు పడకుండా బయటికి రాదు. రంగులేని ఇనుమును పంపడమంటే ఆయనకు చొక్కా లేకుండా పెళ్లికి పోవడం లాంటిది.

మామూలుగా మా దగ్గరికి వచ్చేవి వేలెడు ముక్కలు. వాటికి మెరుపు లేని నల్ల రంగు కొట్టి కెమెరా ముందు పెడతాం. వాహనం తాలూకు భాగం మొత్తంగా రావడం మాకు అదే మొదలు. ఉన్న రంగు గీకి మళ్లీ నలుపు కొట్టాలంటే పండగ ముందు ఒక పూట పోతుంది. ఎలాగూ రంగు ఉంది కదా అన్నారు మేడం. ఉంది కదా అన్నాను నేను. అయితే బిగించెయ్యనా అన్నాడు తమ్ముడు. తప్పు ఒక్కరు చేస్తే పక్కవాళ్లు పట్టుకుంటారు. ముగ్గురమూ ఒకేసారి చేశాం కాబట్టి పట్టుకునేవాళ్లు లేకపోయారు.

ఆ మర్నాడే ల్యాబులో ఆయుధ పూజ. ఏటా ఆ పని తమ్ముడిది. మెషిన్లన్నీ తుడిచి, పసుపు తడిపి బొట్లు పెట్టి, వాటి మీద కుంకుమ అద్ది, బంతిపూలు కట్టి, నిమ్మకాయలు కోసేవాడు. నేను వరండాలో ఉండేవాణ్ణి. పూజలో కూర్చోను, దేవుడి ముందు పెట్టినది తినను. ఈ సంగతి మొదటి ఏడే అతనికి చెప్పాను. అతను కోపం తెచ్చుకోలేదు. ఆ తర్వాత ప్రతి దసరాకూ బుట్ట విప్పగానే, పూజలో పెట్టకముందే, ఒక అరటిపండు తీసి వరండాలోకి తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. "ఇంకా ఏ దేవునికీ సూపియ్యలే అన్నా, తిను," అనేవాడు. నా విశ్వాసాన్ని అంత జాగ్రత్తగా కాపాడినవాళ్లు మా సంఘంలో కూడా తక్కువే.

ఆ ఏడు అరటిపండు తింటూ కిటికీలోంచి చూస్తే, పసుపు పళ్లెంతో ఆ వెండి చేయి వైపు పోతున్నాడు.

"తమ్మీ, దానికి వద్దు. అది పరీక్షకొచ్చిన సామాను," అన్నాను.

"మెషిన్‌కు వెట్టి దీనికి వెట్టకుంటె ఎట్లనే? గా పోరలు ఎక్కేది దీని మీదనే గద," అంటూ, చేయి మధ్యలో, ప్లేటు అంచు పక్కన, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టేశాడు.

నాకు నచ్చలేదు. కానీ పండగ పూట గొడవ ఎందుకని ఊరుకున్నాను.

దసరా వెళ్లిన మర్నాడు, శనివారం, పరీక్ష మొదలైంది. వర్క్‌షాప్ యజమాని కూడా వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తక్కువ బరువుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు ఎక్కుతూ పోయాం. బండి నిజంగా మోసే బరువు దాకా వచ్చాం. దాన్ని కూడా దాటాం. గ్రాఫు గీత నేల మీద పడుకున్నట్టే ఉంది. ఇనుము చల్లగా ఉంది.

"నేను జెప్పలే?" అన్నాడాయన తొడ చరుచుకుంటూ.

మేడం రిపోర్టు మొదలుపెట్టారు. తెర మీద మాత్రం ఒక్కటే అడ్డుగా ఉంది. చేయంతా చల్లదనం చూపే ముదురు నీలం రంగులో కనబడుతుంటే, నడుమ రూపాయి బిళ్లంత, వేడిని చూపే పసుపుపచ్చ చుక్క వెలుగుతోంది.

"అదేమిటండీ?" అన్నారు మేడం.

"గది నా బొట్టు మేడం," అన్నాడు తమ్ముడు సిగ్గుపడుతూ.

"రిపోర్టులో ఫొటో వెళ్లాలి కదా, బాగుండదు. తుడిచేసి ఇంకో ఫొటో తీయండి."

తమ్ముడు మెషిన్ ఆపి, తడిగుడ్డ తీసుకుని, లెంపలు వేసుకుని, చేయి మీదికి వంగాడు. నేను తెర వైపే చూస్తున్నాను. అతను వంగగానే బొట్టు చుట్టూ ఉన్న వెండి రంగు మీద ఒక మసక వెలుగు పాకింది. వెనక్కి జరిగాడు, పోయింది. మళ్లీ వంగాడు, మళ్లీ వచ్చింది.

"ఆగు తమ్మీ. తుడవకు," అన్నాను.

"ఏందన్నా?"

"బొట్టు తుడవకు."

అతను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పెట్టేటప్పుడేమో వద్దంటివి. ఇప్పుడేమో తుడవొద్దంటున్నవ్. ఏమైందే నీకు? ఒంట్ల మంచిగున్నదా?"

నా ఒళ్లు బాగానే ఉంది. బాగాలేనిది తెర మీది లెక్క. పసుపులో నిప్పు లేదు. దానంతట అది వేడెక్కదు. ఇనుము ఎంత వేడిగా ఉందో దాని మీద ఎండిన పసుపూ అంతే వేడిగా ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఒకే ఇనుముకు రెండు వేడులు ఎలా ఉంటాయి? రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. తమ్ముడు వంగినప్పుడు వెండి రంగులో కనబడ్డ మసక వెలుగు అతని ఒంటి వేడి. ఆ రంగు ఇనుము వేడిని చూపించడం లేదు. అద్దంలా ఎదురుగా ఉన్నవాళ్ల వేడిని చూపిస్తోంది, తన లోపలి వేడిని దాచుకుంటోంది. అది అల్యూమినియం పొడి కలిపిన రంగు. మెరిసేవన్నీ కెమెరాతో అలాగే ప్రవర్తిస్తాయని మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురమూ పుస్తకంలో చదివినవాళ్లమే.

పైకి తెల్లగా ఉండి లోపల కుళ్లును దాచే సున్నం కొట్టిన సమాధుల గురించి మందిరంలో ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. ఆ మాట మీద నేను స్వయంగా ప్రసంగించాను కూడా. వెండి రంగు కొట్టిన ఇనుము ఎదురుగా మూడు రోజులు కూర్చుంటే మాత్రం గుర్తుకు రాలేదు.

నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న చిన్న ముక్కలు కోసి చేయి పొడవునా అతికించాం. మెషిన్ మళ్లీ నడిపాం. కాసేపటికి టేపు ముక్కలన్నీ తెర మీద ఒక్కొక్కటిగా వెలగసాగాయి. ప్లేటు అంచుకు దగ్గరున్నవి ఎక్కువ, దూరంగా ఉన్నవి తక్కువ. బొట్టు కూడా తన పక్కనున్న టేపు ముక్కతో సమానంగా వెలిగింది. మెషిన్ ఆపితే అన్నీ కలిసి చల్లారాయి. వెండి రంగు మాత్రం ఏమీ ఎరగనట్టు నీలంగా ఉంది.

మేడం రిపోర్టు తెరను మూసేశారు.

"రేపు మొత్తం రంగు తీసేసి మళ్లీ చేద్దాం," అన్నారు.

యజమాని స్టూలు మీంచి లేచాడు. "ఏంది మేడం గిది? ఇంతసేపు పాసన్నరు. ఇప్పుడు పసుపు బొట్టు జూసి నా పని ఖరాబంటరా? సోమారం బండ్లు లేవాలె. కంపెనీవోళ్లకు నేనేం జెప్పాలె?"

"మీ పని బాగాలేదని మేం అనలేదండీ. మా పని బాగాలేదంటున్నాం," అన్నారు మేడం. ఆవిడ మాటల్లో నాకు ఎప్పటికీ గుర్తుండేది అదే.

మర్నాడు ఆదివారం. ఆ వారం ఆరాధనలో మొదటి ప్రార్థన నాది. పెళ్లయినప్పటి నుంచి, ఒళ్లు బాగాలేకపోతే తప్ప, ఆదివారం మందిరం తప్పినవాణ్ణి కాను. తమ్ముడికి అది తెలుసు.

"నువ్వు మందిరానికి పోయి రా అన్నా. రంగు నేను గీకుత. మధ్యాహ్నం రా, సాలు."

పోవచ్చు. కానీ ఒక్కడే గీకితే సాయంత్రానికి కూడా పరీక్ష మొదలుకాదు. సోమవారం పొద్దున కంపెనీ నుంచి ఫోను వస్తే మా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. ఏమీ చెప్పకపోతే, శనివారం పాసయిందన్న యజమాని మాట మీదే బండ్లు లేస్తాయి. పలక మీద నిలబడే ఆ పిల్లవాణ్ణి నేను అప్పటికి చూడలేదు. అయినా రాత్రి ప్రార్థనలో కూర్చుంటే కళ్ల ముందు అతనే నిలబడ్డాడు. మొహం లేదు, కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. పొద్దున మా ఆవిడతో, నా బదులు ప్రార్థన ఇంకెవరినైనా చేయమని పాస్టరుగారికి చెప్పమన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసింది గానీ, ఎందుకని అడగకుండా టిఫిను డబ్బా కట్టి ఇచ్చింది.

షట్టరు ఎత్తి పని మొదలుపెట్టాం. ముందు బొట్టు తీయాలి కదా. తమ్ముడు దాని ముందు రెండు నిమిషాలు నిలబడ్డాడు.

"నువ్వే తియ్యన్నా. నాకు చెయ్యి రాదు," అన్నాడు.

"నాకూ రావట్లేదు తమ్మీ," అన్నాను. అది నిజం. ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి తీసింది నేనే. ఆ తర్వాత రంగు తీసే ద్రావకం, గుడ్డలు, ఎమెరీ కాగితం. అతుకు మూలల్లోకి వేలు దూర్చి గీకాలి. నేను మోకాళ్ల మీద ఉన్నాను. పాట సమయమైందని తెలిసి నోట్లోనే పాడుకున్నాను. "జర గట్టిగ వాడన్నా, ఈడ ఎవలున్నరు," అన్నాడు తమ్ముడు. గట్టిగా పాడాను. ఆ ఆదివారం నా ఆరాధన అలా జరిగింది. ప్రభువు దాన్ని అంగీకరించాడనే నా నమ్మకం.

నల్ల రంగు ఆరేసరికి మేడం వచ్చారు. యజమాని కూడా వచ్చాడు, స్టూలు మాత్రం లాక్కోలేదు. మొదటి మెట్టు, రెండో మెట్టు, పైమెట్టు. బండి మోసే బరువు ఇంకా రాకముందే గ్రాఫు గీత తల ఎత్తింది. తర్వాతి మెట్టుకు ఇంకా నిటారుగా లేచింది. తెర మీద చేయంతా ఒక రంగులో ఉంటే, మందపు ప్లేటు అంచు వెంట, వెల్డింగ్ గీత పొడవునా, సన్నటి వేడి దారం ఒకటి కనబడింది. మెషిన్ ఆపి చల్లారే వేగం చూశాం. లెక్క వేశాం. మేడం విడిగా వేశారు, నేను విడిగా వేశాను. రెండూ ఒకే మాట చెప్పాయి.

"పగులేది?" అన్నాడు యజమాని. "పగులు సూపియ్యండ్రి. అటెన్క నేనొక్క మాట మాట్లాడితె అడుగుండ్రి."

ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూశాం. పగులు ఉంటే తెలుపు మీద ఎర్ర గీత పడుతుంది. ఏమీ పడలేదు. చేయి చెక్కుచెదరకుండా ఉంది.

"సూశిండ్రా మరి? లేని పగులుకు బండ్లు ఆపుతరా? ఇనుముకు జరమొచ్చిందని దవాఖానల ఏస్తరా?"

ఆయన అడిగింది న్యాయమే. మా దగ్గర చూపించడానికి పగులు లేదు. వేడి ఒక్కటే ఉంది. కనబడని దాన్ని నమ్మమని అడగడం మందిరంలో నాకు అలవాటే. ల్యాబులో, కోపంగా ఉన్న మనిషిని అడగడం మాత్రం అదే మొదటిసారి.

"ఒక్కసారి మెషిన్ నడుపు తమ్మీ," అన్నాను. కొంతసేపు నడిచాక ఆపించి, యజమాని వైపు తిరిగాను. "పటేలా, ఇట్ల రా. చెయ్యి వెట్టు."

ఆయన అనుమానంగా వచ్చి అరచేయి పెట్టాడు. ఇనుప చేయి చివర, ప్లేటు లేని చోట. "సల్లగున్నది."

"మెల్లగ ప్లేటు దిక్కు జరుపు."

జరిపాడు. ప్లేటు అంచు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఇంకో అరచేయి కూడా పెట్టాడు. వెల్డింగ్ చేసేవాళ్ల చేతులు మొద్దుబారిపోయి ఉంటాయి. అయినా తెలిసింది.

"గోరెచ్చగున్నది," అన్నాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో!

"అది ఊరికే రాలే. పెట్టె లేసినప్పుడల్లా బలం ఇనుముల నుంచి సాఫుగ పోవాలె. నువ్వు అడ్డంగ మందపు ప్లేటేసినవ్. పోయే బలం దాని అంచుకొచ్చి గుద్దుకుంటున్నది. రోజంత గుద్దుకుంటే ఆడనే అలిసిపోతది. పగులు ఇయ్యాల లేదు. వస్తది."

ఆయన చాలాసేపు చేయి తీయలేదు. "పాతదానికి గీ ప్లేటు లేకుండె," అన్నాడు చివరికి. "వాడు ఎక్కుతడనే ఏసిన."

ప్రేమతో వేసిన ప్లేటు అది. పిల్లవాడి కాళ్ల కింద బలం పెంచుతున్నానని, అలసటను పెంచాడు. దానికి ఆయన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను. బలం వేరు, ఓర్పు వేరు. ఆ రెండూ ఒకటేననుకునేది వర్క్‌షాపువాళ్లు మాత్రమే కాదు.

మేడం ఫోను తీసుకుని వరండాలోకి పోయారు. అవతల కంపెనీ మనిషి గొంతు మాకు కూడా వినబడింది. పగులు ఉందా లేదా అని అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. "లేదండీ. పగులు వచ్చాక చెప్పడానికి మేం అక్కర్లేదు కదండీ. ఈ చేతులతో బండ్లు నడపవద్దని రాసి సంతకం పెడుతున్నాను." లోపలికి వచ్చి సంతకం పెట్టారు.

సోమవారం బండ్లు లేవలేదు. కంపెనీ వేరేచోటి నుంచి బండ్లు తెప్పించుకుంది, మా మీద చాలా రోజులు కారాలు మిరియాలు నూరింది. యజమాని ఎవరూ చెప్పకుండానే మిగిలిన చేతులన్నిటి ప్లేట్లు కోయించాడు. మేడం గీసిచ్చిన కొలతతో, బలం గుద్దుకోకుండా జారిపోయేలా రెండు కొసలూ సన్నగా చేసి, అతుకు నున్నగా సాన పట్టించి మళ్లీ తెచ్చాడు. ఈసారి నల్ల రంగు కొట్టి చూస్తే, బండి మోసే బరువు దాటి చాలా పైకి పోయాకే గీత తల ఎత్తింది. అప్పుడు సరేనన్నాం.

మొదటి చేయిని మాత్రం తమ్ముడు ఖాళీ మెషిన్‌కు బిగించి, బండి మోసే బరువుతోనే ఊపుతూ వదిలేశాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున ఎర్ర ద్రవం పూస్తే, ప్లేటు అంచు వెంట, వేడి దారం కనబడ్డ చోటనే, ఎర్ర గీత పడింది. యజమానికి ఫోను చేసి వచ్చి చూడమన్నాం. "నేను సూసేదేమున్నది సార్, చేత్తోని ఎప్పుడో సూసిన," అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రభువు ఒక పిల్లవాడి ప్రాణాన్ని ఎలా కాచాడో, మా కళ్లకు పట్టిన పొరను దేనితో తీశాడో, అంతా. స్తోత్రాలు వినిపించాయి గానీ పసుపు మాట వచ్చినచోట కొంచెం పలచబడ్డాయి. చెప్పులు వేసుకుంటుంటే మా సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచాడు.

"బ్రదర్, సాక్ష్యం మంచిగుండె. గా బొట్టు ముచ్చట లేకుండ జెప్తె ఇంకా మంచిగుంటుండె."

"అది లేకుంటె సాక్ష్యమే లేదయ్యా," అన్నాను.

ఆయన తల ఊపి, "అది గూడ నిజమే," అని బండి తీశాడు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

మరుసటి దసరాకు ముందు రోజు. తమ్ముడు మెషిన్లు తుడుస్తున్నాడు. నేను వరండాలో ఉన్నాను, చేతిలో ఇంకా ఏ దేవునికీ చూపించని అరటిపండు. ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. దూకినవాడు ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు. మెడలో ఎయిర్‌పోర్టు పాసు, కాళ్లకు బరువైన బూట్లు. ముందు ఆ కాళ్లనే చూశాను.

"నమస్తే సార్. మా మామ పంపిండు. కొత్త రకం చెయ్యి, పరీక్ష జేసియ్యమన్నడు."

తార్పాలిన్ తీశాడు. ఇనుము, ఉత్త ఇనుము. ఎక్కడా చుక్క రంగు లేదు.

"రంగెయ్యలేదేం?" అన్నాను.

"నేను గదే అడిగిన సార్. తిట్టిండు. గట్లనే తీస్కపో, ఆళ్లు సూడనీ అన్నడు. దారి పొడుగుత అందరు సూస్తున్నరు, నాకు ఇజ్జత్ పోయినట్టయింది."

ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి మోసి బల్ల మీద పెట్టారు. తమ్ముడు పసుపు పళ్లెం తీసుకుని దాని ముందుకు వచ్చి, ఆగి, కిటికీలోంచి నా వైపు చూశాడు.

"అన్నా, దీనికి వెట్టాల్నా వద్దా?"

నేను పూజలో కూర్చోను. ఆ రోజు కూడా వరండా దాటలేదు. కుర్రాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అరటిపండు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేయి కిటికీలోంచి చాపి, అతుకు అంచును వేలితో చూపించాను.